కింది ఇల్లు పైనుంది

ఆమెకు జరిగిన అన్యాయం అందరికీ కనిపించేలా ఒక బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో, అచ్చుతప్పు కూడా లేకుండా రాసి ఉంది. రాసింది తోడబుట్టిన తమ్ముడు. అది అన్యాయమని నిరూపించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

కొండవెన్ను మీద నడవడానికి సెలవుల్లో జనం వస్తారు. అటూ ఇటూ లోయలు, నడుమ ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నటి దారి, కాళ్ళ కింద మబ్బులు. బస్సు వాళ్ళను తమ్ముడి ఇంటి ముందు దింపుతుంది. రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే వెన్నెక్కి, రోజంతా నడిచి, సాయంత్రానికి అవతలి కొసన ఉన్న అక్క ఇంటికి చేరాలి. ఈ నడకలు ఏర్పాటు చేసే పట్నం కంపెనీ రెండిళ్ళలోనూ గదులు మాట్లాడి పెట్టింది. మనుషులు నడుస్తారు గానీ వాళ్ళ సంచులు నడవవు. వాటిని వ్యానులో వేసుకుని, కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద అక్క ఇంటికి చేర్చే పని ఆమె మరిదిది. అన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు తనేనని అతని నమ్మకం. వదినకు ఆ నమ్మకం బొత్తిగా లేదు.

చిక్కంతా ఒక మాటలో ఉంది. ఆ చుట్టుపక్కల 'పైన' అంటే ఎత్తు కాదు. రోడ్డుకు ముందు తగిలేది పైన, తరవాత తగిలేది కింద. అందుకని బస్సాగే చోటున్న తమ్ముడిది 'పై ఇల్లు', కొండ మీద అంతకన్నా ఎత్తున ఉన్న అక్కది 'కింది ఇల్లు'. తండ్రి పంపకాల్లో కూడా అలాగే అన్నాడు. పై ఇల్లు అబ్బాయికి, కింది ఇల్లు అమ్మాయికి. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ కనపడదు.

వెన్ను మధ్యలో దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఎదురుగా మిట్టెక్కి అక్క ఇంటికి పోతుంది. రెండోది జారుడుబండలా దిగి, చుట్టు తిరిగి తమ్ముడి పెరట్లోనే తేలుతుంది. ఆ చీలిక దగ్గరి పాత బోర్డు పుచ్చిపోతే, కొత్తది పెట్టమని కంపెనీ తమ్ముడికి చెప్పింది. అతను ఎక్కే దారికి బాణం గీసి 'కింది ఇంటికి' అని, దిగే దారికి బాణం గీసి 'పై ఇంటికి' అని రాశాడు.

రాత్రి బస కింది ఇంట్లో అని విని వచ్చినవాళ్ళు, సగం దారికే అలిసిపోయి ఆ బోర్డు ముందు నిలబడతారు. కింది ఇంటికి పైకెక్కడమేమిటని నవ్వుకుంటారు. రాసినవాడెవడో బాణాలు తారుమారు చేశాడని తేల్చుకుని, హాయిగా దిగిపోతారు. తీరా చూస్తే పొద్దున బయల్దేరిన ఇల్లే. "ఎలాగూ వచ్చేశారు, అలిసిపోయారు, ఇక్కడే పడుకోండి" అంటాడు తమ్ముడు, ముఖాన నవ్వు చెరక్కుండా. సగం కొండ చూసినవాళ్ళు మొత్తం చూశామనుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు.

ఇవతల కింది ఇంట్లో సంచులన్నీ మంచాల పక్కన సర్ది ఉంటాయి. వదిన దుప్పట్లు దులిపి, తడి బూట్లు ఆరబెట్టే బల్ల కింద కుంపటి రాజేసి, గుమ్మంలో నిలబడుతుంది. పొద్దు వాలగానే తమ్ముడి ఇంటి నుంచి ఫోను మోగుతుంది.

"సంచులు ఎక్కించు," అంటుంది మరిదితో, ఫోను పెట్టేసి.

"మళ్ళీనా?"

"మళ్ళీనే. పాపం, మార్చుకోవడానికి వాళ్ళకి పొడిబట్టలు కూడా లేవట."

"వాళ్ళూ పాపమే, మీ తమ్ముడూ పాపమే. నేనూ నా బండీ మాత్రం పుణ్యం చేసుకుని పుట్టాం. దించిన సంచి దించినట్టే ఎక్కించే వెర్రివాణ్ణి ఎక్కడైనా చూశావా వదినా?"

"చూస్తున్నాగా."

"వండిందంతా ఏం చేస్తావు?"

"నువ్వు తింటావు. ఆ కాసేపైనా నోరు మూస్తావు."

ఒకనాడు సంచులు దించుతూ తమ్ముణ్ణే నిలదీశాడు మరిది.

"ఆ బోర్డు మార్చు."

"రా బావా, కూర్చో. ఎద్దులా మోస్తున్నావు, చూడలేకపోతున్నాను. ఎందుకు మార్చాలి? మా అక్కది కింది ఇల్లు కాదా?"

"కింది ఇల్లే."

"ఇది పై ఇల్లు కాదా?"

"పై ఇల్లే."

"మరి నేను రాసినదాంట్లో అబద్ధమేముంది? చదువుకున్నవాళ్ళకి చదవడం రాకపోతే నన్నేం చెయ్యమంటావు?"

మరిది మిగిలిన సంచులు దించేసి బండెక్కాడు. ఇంటికొచ్చేదాకా దారిలో వంద జవాబులు తోచాయి. ఒక్కటీ అక్కడ తోచలేదు.

ఇంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. కింది ఇంటికి ఎవరూ చేరడం లేదు, ఇలాగే ఉంటే ఆ ఇంటిని నడకలోంచి తీసేస్తామని. మరిది ఆ కబురు తెచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"'బస పైన' అని రాసేద్దాం వదినా. రెండే మాటలు."

"పైనున్నది నాన్న వాడికిచ్చాడు. అది నాదని రాసుకుంటే లాక్కున్నట్టు కాదూ?"

"లాక్కునేది మాట, ఇల్లు కాదుగా. పోనీ, 'ఇటు' అని రాద్దాం. అటూ ఇటూ కూడా నాన్న పంచేశాడా?"

"వాడు రాశాడు. వాడే వచ్చి దిద్దుతాడు."

"ఎప్పుడు?"

"సిగ్గేసినప్పుడు."

"అంతదాకా మనం బతికుండాలిగా."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇక తన వల్ల కాదనుకుని, మర్నాడు రంగుడబ్బా పట్టుకుని చీలిక దగ్గరికి ఎక్కాడు మరిది. 'కింది ఇంటికి' చెరిపేసి 'మీ బస పైనే' అని రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయితేనేం, ఆ సాయంత్రం మిట్ట మీద మనుషులు కనపడ్డారు. కుంపటి చుట్టూ బూట్లు పొగలు కక్కాయి. మబ్బుల మీద తమ నీడలు చూసుకున్నామని వచ్చినవాళ్ళు చెబుతుంటే, వదిన ఎప్పుడూ చూడనట్టు నోరు తెరుచుకుని వింది, పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం అన్న పోయాక అదే మొదలు. మరిది గోడకు చేరబడి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూశాడు.

"కందకు లేని దురద నీకెందుకు?" అంది ఆమె, అటుగా వెళుతూ.

రెండోరోజే తమ్ముడొచ్చాడు. ఏళ్ళ తరబడి ఆ గుమ్మం తొక్కనివాడు.

"పైన ఉన్నది ఎవరిదే అక్కా?"

"నీదే."

"మరి బోర్డు మీద ఏమనుంది?"

"మా మరిది చేసిన పని. చెరిపిస్తాను. ముందు కూర్చో."

తమ్ముడు కూర్చోలేదు. నిలబడే మంచినీళ్ళు తాగాడు. గదులవైపు, కుంపటివైపు చూశాడు.

"నువ్వు రాసింది నువ్వే దిద్దుకో," అంది ఆమె మెల్లగా.

"నేను రాసింది సరిగ్గానే ఉంది," అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

వాకిట్లోంచి అతను కనుమరుగయ్యేదాకా చూసి, "రంగుడబ్బాలో ఏమైనా మిగిలిందా?" అని మరిదిని అడిగింది. మిగిలింది. ఆ మిగిలిన రంగుతోనే, పళ్ళు నూరుకుంటూ, 'కింది ఇంటికి' అని తన చేత్తో తానే రాసొచ్చాడు. ఇది చెబితే ఎవరు నమ్ముతారు?

సీజన్ ముగియకముందే కంపెనీ అన్నమాట నిలబెట్టుకుంది. కింది ఇల్లు నడకలోంచి పోయింది. సంచులు మోసే పనీ దాంతోపాటే పోయింది. మరిది దూరాన ఇంకో కొండకు బండి కుదుర్చుకుని, చెప్పిపోదామని వచ్చాడు. తిట్టాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు కూడా. వచ్చేసరికి వదిన వరండాలో దుప్పట్లు మడత పెడుతోంది.

"వాడి ఇంట్లో జనం పట్టడం లేదట," అంది. "చలికి వణుకుతున్నారట. పోతూ పోతూ ఇవి అక్కడ పడెయ్యి. నేనిచ్చానని చెప్పకు."

కూర్చుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. మరిది దుప్పట్లు బండిలోకి విసిరాడు. తలుపు గట్టిగా వేసి బండి స్టార్ట్ చేశాడు. ఆమె కొంగు బిగించి పరుగులాంటి నడకతో వచ్చి కిటికీ పట్టుకుంది.

"చెప్పు. నేనే ఇచ్చానని చెప్పు. తిరిగివ్వడానికి వాడే రావాలి. ఇంకెవరిచేత పంపినా తీసుకోనని కూడా చెప్పు."