పత్తికిచ్చిన అర్ర

మా ఇల్లు మాది కాదు. కాలాన్ని బట్టి ఎవరిదో ఒకరిది. వానాకాలం యూరియా బస్తాలది, ఎండాకాలం వడ్లది, దసరా దాటిందంటే పత్తిది. నేనూ మా ఆయనా బిడ్డా అవి వదిలిన జాగాలో సర్దుకుంటాం. మోత్కూరు చుట్టుపక్కల చాలా ఇళ్లు ఇంతే కాబట్టి ఎవరూ ఇదొక కష్టమని చెప్పుకోరు. నేను చెప్పుకుంటాను. నాకు నోరెక్కువని మా ఆయన ఊరికే అనడు.

ఉన్నవి రెండే అర్రలు. పత్తి ఏరుడు మొదలవగానే లోపలి అర్ర దానికి పోతుంది. మంచం ఎత్తి గోడకు నిలబెట్టాలి. బియ్యం డబ్బా ముందరి అర్రలోకి, గ్యాసు పొయ్యి వసారాలోకి. ఒక్క నిప్పురవ్వ పడితే ఏడాది కష్టం బూడిదే కదా, దేవుడి ముందు దీపం కూడా మానేస్తాను. పక్కింటాయన బీడీ ముట్టించుకుని ముచ్చటకు వస్తే వాకిట్లో నుంచే పంపించేదాన్ని. కూర మాడుతున్నా నా కళ్లు ఆ అర్ర మీదే. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్వడం. అన్నంలో పత్తి నూగు, జడలో నూగు, నీళ్ల బిందెలో నూగు. పైగా ఒళ్లంతా దురద. గోక్కుంటూ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరగడమే తప్ప కుదురుగా కూర్చున్న పూట లేదు.

నా దురద పాడుగాను, అది భరిస్తాను. బిడ్డకు ఆయాసం. నేను చెప్పే ఏడు అది ఆరో తరగతిలో ఉంది. చలి మొదలయ్యేసరికి ఛాతీలో పిల్లికూతలు. దవాఖానలో డాక్టరమ్మ దుమ్ముకు దూరంగా ఉంచమంది. ఎక్కడుంచాలి?

"పత్తి అమ్మరాదయ్యా, అర్ర ఖాళీ అయితది" అంటే మా ఆయన ఫోన్లో రేటు చూసుకుంటూ, "జర ఓపిక పట్టే. వారంల పెరుగుతదంటుండ్రు" అనేవాడు. ఆ వారం ఎప్పటికీ రాదు.

"నీ రేటుకు మన్నువడ! పోరి గొంతు ఇనబడ్తలేదా నీకు?"

"నేనేమన్న చెవిటోన్నా? అగ్గువకమ్మితే దాని మందులు ఏడికెల్లి తెస్తవ్?"

ఆయన మాటా అబద్ధం కాదు. అదే నాకు ఒళ్లు మంట.

ఒకరోజు ఆయన చేనుకు పోగానే ఇక ఆగలేకపోయాను. చీరల్లో మూటలు కట్టి పత్తినంతా వాకిట్లోకి మోశాను. పైన ప్లాస్టిక్ పరదా కప్పి, అర్ర ఊడ్చి, మంచం వాల్చాను. బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ కూడా తీయకుండా మంచం మీద పడి దొర్లింది. ఎంత సంబరపడ్డానో.

పొద్దు గూకే వేళకు మబ్బు పట్టింది. చలికాలంలో వానేమిటి అనుకునేలోపే చినుకులు. మా ఆయన చేనులో నుంచి ఉరికొచ్చాడు. "ఎవలు చెప్పిండ్రే నీకు బయటెయ్యమని!" మాటకు మాట అనే తీరిక లేదు. గాలికి పరదా లేచిపోతోంది. ఇద్దరం మూటలు కట్టి లోపలికి మోస్తుంటే, పిల్ల కూడా చేతుల నిండా పత్తి పట్టుకుని ఎగపోస్తూ ఉరుకుతోంది. అప్పటికే మంచం తనే గోడకు నిలబెట్టింది.

"నువ్వు పోయి కూసో బిడ్డా!" అని అరిచాను.

"నేను చిన్నమ్మోళ్లింట్ల పండుకుంట తియ్యమ్మా. ముందుగాల పత్తి లోపలెయ్యుండ్రి, తడుస్తాంది."

మా ఆయన చేతిలో మూట కింద పెట్టి, దాని చేతుల్లోని పత్తి అందుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

చిన్నమ్మంటే పక్క వీధిలో ఉండే మా చెల్లెలు. వాళ్లకు చేను లేదు, బట్టలు కుట్టుకుని బతుకుతారు. పత్తి అమ్ముడుపోయేదాకా పిల్ల అక్కడే పడుకుంది. పొద్దున వచ్చి తిని బడికి పోయేది. నా బిడ్డ నా ఇంటికే చుట్టంలాగా వచ్చిపోయేది.

మళ్లీ దసరా దాటింది. మొదటి ఏరుడు పత్తితో ట్రాలీ వచ్చి మా ఇంటి ముందు ఆగింది. చూస్తే పిల్ల దుప్పటీ, గౌన్లూ సంచిలో సర్దుకుని గడప మీద కూర్చుంది.

"యాడికే?"

"పత్తచ్చింది గదమ్మా."

ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఏమీ అనలేదు దాన్ని. పోయి దర్వాజకు అడ్డంగా నిలబడ్డాను.

"దింపకు" అన్నాను మా ఆయనతో.

"మరేడెయ్యాలె?"

"మిల్లుకు తోలు. ఎంతిస్తే అంతకు అమ్ము. గీ అర్రల నా బిడ్డ పండుకుంటది."

తిడతాడనుకున్నాను. బిడ్డ ఒళ్లో ఉన్న సంచి చూసి తల తిప్పుకున్నాడు. "నకిరేకల్ మిల్లుకు పోనియ్యి" అని డ్రైవరుకు చెప్పి తనూ ఎక్కాడు.

ట్రాలీ వీధి మలుపు తిరిగిపోయింది. "లోపలికి రా బిడ్డా" అన్నాను.

"ఉండమ్మా, బాపు మల్ల తెస్తడేమో" అంది. ఎంత చెప్పినా ఆ సంచి విప్పలేదు.