పనిచేస్తే పోయే నొప్పి

ధర్మవరంలో మా చెల్లెలి ఇంట్లో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటుంది. సాయంత్రానికి వచ్చి, పడుకుంటే పోయేది మగ్గం నొప్పి. దానికి మర్యాద ఉంది, వేడినీళ్లు కాచి ఇస్తారు. పొద్దున్నే ఉండి, పనిచేస్తుంటే తగ్గేది సోమరితనం. దానికి తిట్లే. మూడు మగ్గాల ఇల్లు అది. చాలా ఏళ్లు నేనూ ఆ పద్ధతినే నమ్మాను.

చెల్లెలంటే నాకన్నా పావుగంట చిన్నది. ఒకే కాన్పు, ఒకే ముఖం. నేను పెనుకొండలో బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆమె మగ్గాల ఇంటికి కోడలుగా పోయింది. ముప్పై అయిదు దాటాక ఆమె వేళ్లు వంకర తిరగడం మొదలైంది. నేను ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను.

పోయిన ఏడాది ఆమెకు కంటి ఆపరేషన్ అయితే తోడుగా పన్నెండు రోజులు అక్కడ ఉన్నాను. ఆ రోజుల్లోనే ఒక మగ్గానికి కొత్త పడుగు, అంటే చీర నిలువు పోగులు, ఎక్కించారు. పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు, అంతా వేలికొసల పని. చెల్లెలి మనవరాలు, ఇరవై మూడేళ్ల పిల్ల, పొద్దున ఆరింటికి కూర్చుంది. పోగు పట్టుకుంటే జారిపోతోంది. పిడికిలి మూసుకోవడం లేదు.

"చూడు పెద్దమ్మా దీని నాటకం," అన్నాడు దాని నాయన, మా చెల్లెలి కొడుకు, బీడీ ముట్టించుకుంటూ. "ఎనిమిదైతే మిషన్ మాదిరి అతుకుతాది. ఆరింటికి మాత్రం మహారాణికి చేతులు రావు. ఫోను నొక్కేదానికైతే వస్తాయి."

"ఫోను కూడా పట్టుకునేదానికి కాలేదు నాయనా. నిన్న నీ ముందరే కదా కింద పడేసింది."

"దానికీ దుడ్లు నేనే పెట్టల్ల."

అతడు చెప్పినట్టే ఎనిమిది కాకముందే వేళ్లు సాగాయి. మరుసటి రోజు నుంచి నేను గడియారం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నిద్ర లేచిన వేళ ఒక వరుసలో, పిడికిలి పూర్తిగా మూసిన వేళ ఒక వరుసలో రాశాను. పదకొండు రోజుల్లో ఒక్కరోజు కూడా తేడా గంటకు తగ్గలేదు. అన్నిటికన్నా ఎక్కువ గంటా నలభై నిమిషాలు. సోమరి పిల్లలను బడిలో ఎంతోమందిని చూశాను. వాళ్లకు ఇంత క్రమశిక్షణ ఉండదు.

నేను రాస్తుంటే చెల్లెలు ఒక కంటితోనే చూసి, "నాకూ ఇట్లనే మొదలాయె కదక్కా. అప్పుడు నువ్వేమంటివో గుర్తుండాదా?" అంది.

గుర్తుంది. ఊరికే కూర్చుంటే పట్టేస్తాయి, లేచి పని చేసుకో అన్నాను. అప్పటికి ఆమె పది వేళ్లూ తిన్నగా ఉన్నాయి.

ఆ పూటే ఆమె కొడుకుతో పిల్లను డాక్టరుకు చూపించాలన్నాను.

"డాక్టరు ఏం చేస్తాడు పెద్దమ్మా? అవ్వకు ఉండె, అమ్మకు వచ్చె, ఇప్పుడు దీనికి. మన రక్తంలోనే ఉండాది. రక్తం మారుస్తాడా?"

"మొన్న సోమరితనం అంటివి, ఇప్పుడు రక్తం అంటాండావు. ఏదో ఒకటి చెప్పప్పా."

"రెండూ అనుకో."

"గురువారం రైలెక్కండి. నేను పెనుకొండలో ఎక్కుతా. మీరు ఆ రైల్లో లేకపోతే నేనే ధర్మవరం వచ్చి పిల్చుకపోతా."

హిందూపురానికి గురువారాల్లో బెంగళూరు నుంచి కీళ్ల డాక్టరమ్మ వస్తుంది. ఆమెకు రెండు కాగితాలు ఇచ్చాను. నిమిషాలు రాసిన కాగితాన్ని ఆమె శ్రద్ధగా చదివి, పిల్ల వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూసింది. రెండో కాగితం మా వంశంలో కీళ్లు పట్టుకున్నవాళ్ల జాబితా. మా అమ్మ మేనత్త, మా అమ్మ, చెల్లెలు, ఈ పిల్ల.

"వచ్చినవాళ్లనే రాశారు. రానివాళ్లు ఏరమ్మా?"

"రానివాళ్లను ఎందుకు రాయడం?"

"ఈ చెల్లెలికి మీరేమవుతారు?"

"కవలలం. ఒకే ముఖం."

"మరి మీరెందుకు లేరు ఇందులో?"

జవాబుకు సరిపోయే అంకెలను మాత్రమే తీసుకుంటే పిల్లల చెవి మెలిపెట్టేదాన్ని. అదే పని నేను చేశాను.

ఇది కీళ్లవాతమని ఆమె ఓపికగా చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే సొంత కీళ్లను పరాయివనుకుని మీద పడతాయట. దానికి పుట్టుకతో వచ్చే గుణం ఒక్కటే చాలదు. అదీ ఒక్క జన్యువు కాదు, చాలా కలవాలి, ఒక్కొక్కదాని బలం కొంచెమే. వాటి మీద పొగ, దుమ్ము, చిగుళ్ల జబ్బు, ఇంకా మనకు తెలియనివి చేరాలి. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి రాకపోవడమే ఎక్కువట. రక్తం ఒక అంకె మాత్రమే, మొత్తం కాదు.

"ఇంట్లో బీడీ ఎవరు తాగుతారు?"

"ఈయనే మేడమ్, మగ్గం పక్కనే," అంది పిల్ల తండ్రిని చూపిస్తూ.

"మీ బీడీ వల్లే వచ్చిందని నేను అనను. అట్లా ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ రక్తం మన చేతిలో లేదు, పొగ ఉంది."

తిరుగు రైల్లో పిల్ల తండ్రిని వదల్లేదు. "సోమరితనం కాదని నీ నోటితో ఒకసారి అను నాయనా."

"కాదులేమ్మే. ఇంగ చాలు, జనం చూస్తాండారు."

ఇచ్చిన మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ ముగ్గురి చేతా పలికించింది. శనివారం అని పెట్టుకున్నాం. ప్రతి శనివారం రాత్రి భోజనాల వేళకు నేను ఫోను చేసి మాత్రల పట్టీ చూపించమంటాను. చెప్పిన గడువుకల్లా రక్తపరీక్షలు చేయిస్తున్నాను. అయిదో నెలకు పొద్దుటి బిగుతు ఇరవై నిమిషాలకు దిగింది. ఎడమచేతి నడిమివేలు మాత్రం అప్పటికే వంగింది, అది తిరిగి రాదన్నారు. సోమరితనమని తిట్టిన కాలం ఏడు నెలలు. ఆ వేలు అందులో పోయింది.

మొన్న శనివారం ఫోను తండ్రి ఎత్తాడు. ఇప్పుడు బీడీ వీధిలో తాగుతాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

"తగ్గింది కదా పెద్దమ్మా. పెండ్లి మాటలు జరుగుతాండాయి, ఇంట్లో మాత్రలుంటే అడుగుతారు. నిలిపేద్దామా?"

"అడిగితే ఉండాదని చెప్పు. ఈ మాత్ర పుట్టబోయే బిడ్డకు మంచిది కాదు, పెండ్లి ఖాయమైతే మార్చాల్సి వస్తాదని, అది డాక్టరమ్మే చెప్తుందని ముందే అనుకున్నాం. నువ్వు నిలిపేది లేదు. తగ్గింది మాత్రతో, నీ నోటితో కాదు."

"ఫోనులో ఎన్నైనా అంటావు నువ్వు."

అది నిజమే. అందుకని ఈ శనివారం ఫోను చేయడం లేదు. మధ్యాహ్నం రైలుకు ధర్మవరం పోతున్నాను.