ఒక్కరికి సరిపడా పావిలి కూర

లేత గంగపావిలి కాడ తుంచితే చిటుక్కుమంటుంది. వేళ్ళకు తడి అంటుకుంటుంది, ఆ తడికి కాస్త పుల్లటి పచ్చివాసన. ఈ సాయంత్రం కాకినాడలో నా వంటగదిలో కూర బాగుచేసుకుంటుంటే ఆ వాసనకు సలోమి టీచరు గారు గుర్తొచ్చారు. నా భార్య సుజాత, పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయింది. ఆ తరువాత నేను అద్దెకు దిగిన ఇంట్లో పక్క పోర్షన్ ఆవిడది. రిటైరైన టీచరు, భర్త లేరు, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళ్ళిరావడం తప్ప ఆవిడ ఎక్కడికీ కదిలేవారు కాదు.

అప్పట్లో నాకు ఆఫీసు నుంచి వస్తూ హోటల్ పార్సెల్ తెచ్చుకోవడం, సగం తిని పారేయడం అలవాటైపోయింది. ఒక సాయంత్రం వచ్చేసరికి ఆవిడ నా గుమ్మం ముందు కుళాయి దగ్గర వంగి, నేలమీద పాకిన ఎర్రకాడల మొక్కను గిల్లుతున్నారు.

"కలుపు మొక్కలండీ, నేను పీకేస్తాను లెండి," అన్నాను.

"కలుపేంటండీ, పావిలి కూర! గుమ్మంలో కూర పెట్టుకుని ఆ పార్సెల్ ఎందుకండీ? రండి, చూపిస్తాను."

కాడల్లో ఇసుక దాక్కుంటుందని నీళ్ళు తేటపడేదాకా నా చేతే కడిగించారు. ఉడికిన కందిపప్పులో ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి ఉడకనివ్వమన్నారు. కూరలోనే పులుపు ఉంది కాబట్టి చింతపండు కొంచెమే చాలన్నారు. పోపులో వెల్లుల్లి వేగుతుండగా ఉన్నట్టుండి అడిగారు.

"మీ ఆవిడ పేరేంటండీ?"

అంతవరకూ ఎవరూ నా దగ్గర ఆ మాట ఎత్తేవారు కాదు. బాధపడతానని కాబోలు. "సుజాత అండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"సుజాత గారికి ఈ కూర ఇష్టమేనా?"

"తెలీదండీ. ఎప్పుడూ వండుకోలేదు."

ఆవిడ పోపు తీసి పప్పులో కలిపారు. ఓదార్చలేదు. నేను గిన్నెలోనే అన్నం కలుపుకోబోతే మాత్రం కోప్పడ్డారు. "కంచం పెట్టుకుని కూర్చోండి. ఇంట్లో ఉన్నది ఒక్కరే అయినా, ఆ ఒక్కరూ మనిషే కదండీ."

తరువాత కొన్నేళ్ళకు ఆవిడ జారిపడి మంచం పట్టారు. పెద్దాపురం నుంచి చెల్లెలు వచ్చి తీసుకెళ్ళిపోయింది. ఒక ఆదివారం పావిలి పప్పు వండి, క్యారేజీలో సర్దుకుని బస్సెక్కాను. దిండుకు ఆనుకుని రెండు ముద్దలు తిన్నారు.

"ఉప్పు తక్కువైందండీ," అన్నారు. మరో ముద్ద కలిపి పెట్టమన్నట్టు నోరు తెరిచారు. పెట్టాను.

వర్షాలు మొదలవుతుండగా ఆవిడ పోయారు. సమాధి దగ్గర పాట పాడుతున్నవాళ్ళలో నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఆవిడకు నేనేమవుతానని ఒకరడిగితే, పక్కింటివాణ్ణన్నాను. ఇల్లు చేరేసరికి పక్క పోర్షన్‌కు తాళం. తిన్నావా అని అడిగేవాళ్ళెవరూ లేరని తెలిసీ పొయ్యి వెలిగించాను. వండుకుని, కంచం ముందు కూర్చుని ఏడ్చాను. సుజాత కోసం, టీచరు గారి కోసం కలిపి ఏడ్చాను. కానీ మధ్యలో లేవలేదు, పెట్టుకున్నదంతా తిన్నాను.

ఇప్పటికీ అలాగే తింటున్నాను. ఒంటరితనం పోలేదు. పోతుందని ఆవిడా ఎన్నడూ చెప్పలేదు.