జిదాఫ్స్‌లో దక్షిణ ధ్రువం

సూపర్ మార్కెట్‌లో ఫ్రీజర్ తలుపు తీయగానే తడిసిన అట్టపెట్టె, చల్లటి ఇనుము, గడ్డకట్టిన కోడిమాంసం కలిసిన వాసన ఒకటి ముఖానికి కొడుతుంది. అది నాకు మా నాన్న వాసన. బహ్రెయిన్‌లో నాతో పెరిగినవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే పాట: మన నాన్నలు ఎండలో మాడి మనల్ని చదివించారని. ఎవరి నాన్న మాడాడో నాకు తెలియదు. మా నాన్న గడ్డకట్టాడు. ఈ మాటంటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎనభైల్లో ఆయన నువైద్రాత్ దాటాక ఉన్న ఒక మాంసం గోదాములో, ఫ్రీజర్ గదిలో పెట్టెలు సర్దేవాడు. తారు కరిగి చెప్పులకు అంటుకునే ఎండల్లో దూది కోటు, ఉన్ని టోపీ చంకన పెట్టుకుని డ్యూటీ బస్సెక్కుతుంటే డ్రైవరు "క్యా భాయ్, కశ్మీర్ చలే?" అని రోజూ అదే జోకు వేసేవాడు, నాన్న రోజూ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా సండే స్కూలు కూడా శుక్రవారమే. జిదాఫ్స్ బజారులో ఒక మేడ మీద తెలుగు ఫెలోషిప్ జరిగేది. కింద ఖుబూస్ రొట్టెలు కాలే కమ్మటి వాసన, కిటికీ ఏసీ నుంచి బకెట్లోకి చుక్క చుక్కగా కారే నీళ్లు, వెనక గదిలో అమ్మ, మిగతా ఆడవాళ్లు కలిపే పులిహోర ఘాటు, వీటన్నిటి మధ్య రత్నం అంకుల్ మాకు బైబిలు పాఠం చెప్పి, ఆ తర్వాత మేం కుదురుగా కూర్చోవడానికి దక్షిణ ధ్రువం కథ వారానికింత చొప్పున లంచమిచ్చేవారు. బళ్లను మనుషులే తాళ్లతో లాక్కుంటూ పోవడం, తీరా చేరేసరికి అక్కడ కుక్కబళ్ల మీద ముందే వచ్చిన ఇంకొకళ్ల జెండా ఎగురుతూ ఉండడం, తిరుగుదారిలో తిండి చాలక, డబ్బాల్లోంచి కిరసనాయిలు కారిపోయి, కాళ్లు కుళ్లడం. వేళ్లు చలికి చచ్చిపోయే ముందు నొప్పి పోతుందట, అమ్మయ్య నయమైపోయిందనుకుంటారట. చివరికి, నడవలేనివాడొకడు మిగతావాళ్లకు బరువు కాకూడదని చెప్పీ చెప్పకుండా గుడారంలోంచి మంచు తుఫానులోకి వెళ్లిపోవడం. అక్కడికి వచ్చేసరికి నేను చెయ్యెత్తేదాన్ని.

"కుక్కల్ని తీసుకెళ్లినవాళ్లు గెలిచి, బతికి ఇళ్లకొచ్చారుగా అంకుల్? వాళ్ల కథ ఎందుకు చెప్పరు?"

"వాళ్లది గెలుపేనమ్మా, సువార్తా. వీళ్లది త్యాగం."

"గుడారంలో ఉన్నవాళ్లు ఆపొచ్చుగా?"

"అమ్మా తల్లీ, నువ్వు కోర్టులో ఉండాల్సినదానివే!"

జల్లాఖ్ బీచికి పిక్నిక్‌కి వెళ్లినా మాకు అదే ఆట. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు తాడు కట్టి, అరికాళ్లు బొబ్బలెక్కే ఇసుకలో, స్వెట్టర్లు తొడుక్కుని చెమటలు కక్కుతూ, చలికి వణుకుతూ చచ్చిపోయేవాళ్లం. నాన్న కోటు నాకే దక్కేది కాబట్టి గుడారంలోంచి వెళ్లిపోయేది నేనే. ఎవ్వరూ ఆపేవారు కాదు, కథలో లేదని.

ఫెలోషిప్‌లో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు లేచి చెప్పాలి. ఎప్పుడూ నోరు విప్పని నాన్న ఒక శుక్రవారం లేచాడు.

"మొదట్లో చలి నా చేతుల్ని కొరుక్కుతినేసేదండీ. ఇప్పుడు ప్రభువు కృప వల్ల చలే తెలియట్లేదు. మొన్న పొగలు కక్కే టీ గ్లాసు ఉత్త చేత్తో పట్టుకున్నా కాలలేదు."

"స్తోత్రం!" అంది హాలు హాలంతా. రత్నం అంకుల్ గొంతే అందరికన్నా పైన.

నేను లేచి నిలబడ్డాను. "అంకుల్, నొప్పి పోయిందంటే వేళ్లు చచ్చిపోతున్నట్టని మీరేగా చెప్పారు?"

అమ్మ చింతపండు చేతులతోనే వెనక గదిలోంచి వచ్చి నాన్న ఎడమచెయ్యి పట్టుకుంది.

"కళ్లు మూసుకోండి. గిచ్చితే తెలుస్తోందా?"

"అబ్బా, తెలుస్తోంది లేవే. అందరి ముందూ ఏంటిది?"

"నేనింకా గిచ్చలేదు."

చెయ్యి పాడైందని వీసా ఇప్పించిన యజమాని కఫీల్‌కి తెలిస్తే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, అమ్మా నేనూ నా బడి మధ్యలో ఊరికి తిరుగుముఖం పట్టాలి. ఇదంతా హాల్లో అందరికీ తెలుసు. "ఖలాస్ అయితే అవనీ, మీ వేళ్లు తిని బతకలేను నేను" అని అమ్మ ఆ పూటే ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. చిటికెన వేలి కొస తీసేశారు, మిగతావి దక్కాయి. ఉద్యోగం పోనే పోయింది. కొన్నాళ్ల తర్వాత ఒక మలయాళీ ఆయన తన కిరాణా కొట్టులో నాన్నను కౌంటరు దగ్గర పెట్టుకుని వీసా మార్పించబట్టి మేం అక్కడే ఉండగలిగాం.

ఆ మేడ ఇప్పుడు లేదు, ఖుబూస్ పొయ్యి లేదు. ఆ అట్టపెట్టెలో కూర్చున్న పిల్లలు ఏయే దేశాల్లో ఉన్నారో కూడా తెలియదు. నాన్న మాత్రం నా దగ్గరే ఉన్నాడు. టీ ఇచ్చిన ప్రతిసారీ అడుగుతాను, "ఇప్పుడెందుకే ఆ గోల" అని టీవీ గొంతు పెంచుతాడు. అయినా వదలను. ఆ శుక్రవారం అందరి ముందూ లేచి అది కృప అన్నప్పుడు, అది కృప కాదని నీకు అప్పటికే తెలుసా, నాన్నా?