కిరాయి ఇంటి గడప

పింఛను కావాలా, ఇల్లు కావాలా అని మా ఇంట్లో ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. ఇల్లు కావాలనేదాన్ని నేను. పింఛను చాలనేవాడు మా ఆయన. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన వర్ని దారిలోని ఒక రైస్ మిల్లులో చేరాడు. నేను బ్లౌజులు కుట్టేదాన్ని. మాకు పిల్లలు లేరు. మిల్లులో నెలనెలా జీతంలోంచి పీఎఫ్ కోసినప్పుడల్లా నేను సణిగేదాన్ని.

కిరాయి ఇంటి బతుకు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గోడకు మేకు కొడితే గొడవ, చుట్టం రెండు రోజులుంటే గొడవ. "మనకంటూ రెండు అర్రలుంటే ఎవని మాటా పడకపోదుము" అంటే, ఆయన "ఇల్లును వండుకొని తింటవానే? పింఛనైతే కాళ్లు సేతులు ఆడకున్నా వస్తది" అనేవాడు. నా నోరు ఊరుకుంటుందా! "గప్పటికి నువ్వు గుడ్డోనివైతవ్, నేను చెవిటిదాన్నైత. కూసోని లెక్కవెట్టుకుందాం తీ" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

తర్వాత మా వెనక గల్లీలో కిరాయికుండే ఒక పెద్దమనిషి దవాఖానలో చనిపోయాడు. పీనుగను తెచ్చేసరికి ఇల్లుగలాయన గేటుకు తాళం వేశాడు. మా దిక్కు అందరికీ ఉన్న భయమే అది. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలి. కిరాయివాడి చావుకు ఎవరు తమ ఇల్లు పాడుపెట్టుకుంటారు? ఆ పెద్దమనిషిని సడక్ పక్కనే, ట్రాక్టర్ ట్రాలీ మీద పడుకోబెట్టారు. చుట్టాలు మహారాష్ట్ర నుంచి వచ్చేదాకా ఎండలో అట్లాగే ఉన్నాడు. మా ఆయన వెళ్లి స్నానం చేయించే దగ్గర సాయం పట్టాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"ఏమే, నన్ను గట్ల సడక్ మీద పండవెట్టకు" అన్నాడు.

"ఏం పాడు మాటలయ్యా!" అని కసిరాను. కానీ ఆయన కళ్లలో భయం చూశాను. దేనికీ భయపడని మనిషి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు కూడా "బతకలేమా" అని ఛాయ్ తాగినవాడు.

ఆ ఏడాదే ఆయన కడుపులో గడ్డ బయటపడింది. నిజామాబాద్ డాక్టర్లు ముఖం తిప్పుకుని మాట్లాడారు. మిల్లు పని మానేశాడు. ఇప్పుడు ఇల్లు కొందామని ఆయనే అన్నాడు. రెంజల్ దారిలో రెండు రేకుల గదులు అమ్మకానికున్నాయని తెలిసింది. పోయి చూసొచ్చాం. ఆయన లోపలికి పోకుండా గడప మీదే కూర్చుని, ముందు స్థలమెంతుందో చూశాడు. నలుగురు నిలబడితే నిండిపోయే జాగా. "సరిపోతది" అన్నాడు. దేనికి సరిపోతుందో నాకు అర్థమైంది. నా మెషీను కిటికీ దగ్గర పెట్టుకుంటానని ఏదో వాగాను.

పీఎఫ్ ఆఫీసుకు ఇద్దరం కలిసి పోయాం. అక్కడి క్లర్కు ఓపికగా చెప్పాడు. "మిల్లులో నీ సర్వీసు పదేళ్లు నిండలేదు. కాబట్టి పీఎఫ్‌తో పాటు పింఛను వాటా కూడా ఇప్పుడే తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే నీ తర్వాత మీ ఇంటామెకు ఏమీ రాదు. వదిలేస్తే నెలనెలా ఎంతో కొంత వస్తుంది."

రెండూ కలిస్తేనే ఆ రేకుల ఇల్లు. ఒక్కటి తగ్గినా బేరం లేదు.

నేను "రెండూ ఇయ్యుండ్రి సార్" అన్నాను. మా ఆయన నా చేయి పట్టుకుని ఆపాడు. "పింఛన్ ముట్టకుండ్రి సార్. అది ఆమెది" అన్నాడు.

బస్సులో నేను ఊరుకోలేదు. పక్క సీట్లవాళ్లు వింటున్నా ఊరుకోలేదు. "మరి నాకు జెప్పిన మాటేమైంది? నిన్ను యాడ వెట్టాలె నేను?" అని అడిగాను. అడిగాక నోరు కోసుకోవాలనిపించింది.

"సచ్చినోనికి ఒక్క దినం. బతికినదానికి ఎన్ని దినాలే?" అన్నాడు.

తీసుకున్న పీఎఫ్ డబ్బు దవాఖానకే పోయింది. వానలు మొదలైన వారంలోనే ఆయనా దవాఖానలోనే పోయాడు. అంబులెన్సు మా గల్లీలోకి మళ్లేసరికి ఇల్లుగలామె గేటు దగ్గర నిలబడి ఉంది. నాకంటే పెద్దది, నన్ను "సెల్లె" అని, మా ఆయనను "తమ్ముడు" అని పిలిచేది. గేటు వేసి ఉంది. నాలో ఏం పూనిందో, దిగుతూనే తిట్టడం మొదలుపెట్టాను. "ఇన్నేండ్లు కిరాయి ఒక్క నెలన్నా ఆపినమా? నీ ఇల్లు గూల" అన్నాను. ఇప్పుడు చెప్పడానికి నోరు రాని మాటలు కూడా అన్నాను.

ఆమె ఎదురు తిట్టలేదు. ఏడుస్తూ గేటు కమ్ములు పట్టుకుంది.

"నన్ను తిట్టకు సెల్లె. తమ్ముడే జెప్పిండు. మొన్న నువ్వు కూరగాయలకు పోయినప్పుడు గోడ పట్టుకుంట నా తాన్కి వచ్చిండు. 'అక్కా, నన్ను లోపటికి తేనియ్యకుండ్రి, మీకు తిప్పలొద్దు. గని ఆమెను ఎల్లగొట్టకుండ్రి. దానికి గీ గల్లీల తప్ప గిరాకీ లేదు' అని నా సేతుల సెయ్యేసిండు."

సడక్ మీద చాప పరిచింది ఎవరో, టార్పాలిన్ కట్టింది ఎవరో అప్పుడు నాకు తెలియలేదు. మిల్లులో ఆయనతో బస్తాలు మోసినవాళ్లే అన్నీ చేశారు. ఇల్లుగలామె వేడినీళ్లు కాచి, గోడ మీదుగా బిందెలు అందించింది. మోటార్ సైకిళ్లు ఆయన కాళ్ల పక్క నుంచే హారన్ కొట్టుకుంటూ పోయాయి. నేను ఆయన తల దగ్గర కూర్చుని తిడుతూనే ఉన్నాను. "ఎవలు జెప్పమన్నరయ్యా నీకు? నన్ను అడిగినవా? నాకెందుకీ బతుకు?" అని. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వద్దని నా నోరు మూశారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కసారి లేచి వస్తే కడుపునిండా తిట్టి, ఆ రెండు రేకుల గదులు కొనిపిస్తాను.

నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఇక్కడే ఉన్నాను. పింఛను పడగానే ఫోన్‌లో మెసేజ్ వస్తుంది. అది సగం కిరాయికి కూడా చాలదు. దానికి నా కుట్టుడబ్బులు కలిపి తీసుకెళ్లి ఇల్లుగలామె చేతిలో పెడతాను. ఆయనను లోపలికి రానివ్వని ఇంటికి, ఆయన డబ్బుతోనే కిరాయి కడుతున్నాను.