ముందు నెమలి, వెనక పులి

మా మామ నన్ను నలుగురిలో 'అర్ధా వకీల్, అర్ధా సేఠ్' అన్నాడు. యాభై ఏళ్ళు ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజుల్లో మరాఠీ గడ్డ మీది మా తెలుగు నేతగాళ్ళ దాజీ పేట్‌లో మగ్గాలు ఆడుతుంటే నిద్రపోయేవాళ్ళం, ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. అలాంటి చోట ఇరవై ఏళ్ళ వయసులో నాకు న్యాయశాస్త్రం మీదా వ్యాపారం మీదా ఒక్కసారే మనసు పడింది. రెండూ కలిపి చదవాలి! (అప్పట్లో అట్లాంటి కోర్సు లేదని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ణి కాదు.) మామ అంటే అమ్మకు అన్న, నేను పనిచేసే కార్ఖానాకు యజమాని. ఆయన సరే అంటేనే నాకు కాలేజీ. "ముందుగాల ఒక్క చద్దర్ మంచిగ నేసి సూపెట్టు. గప్పుడు సూద్దాం" అన్నాడు.

చద్దరు దుప్పటి మీద బొమ్మ పడాలంటే చిల్లులు పొడిచిన అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గానికి ఎక్కించాలి. ఒళ్ళో న్యాయం పుస్తకం, పక్కన వ్యాపారం పుస్తకం పెట్టుకుని, ఒక పేజీ ఇటు, ఒక పేజీ అటు చదువుతూ కుట్టాను. నేత అయ్యాక మామ ఆ చద్దరును కార్ఖానా నడుమ దులిపి పరిచాడు. ముందు నెమలి. మెడ దాటాక పులి. (రెండు డిజైన్ల అట్టలూ ఒకే మూలన పడేసిందెవరని నేను ఇప్పటికీ అడుగుతున్నాను.) బీడీలు చుడుతున్న అత్త ఆకులు వదిలేసి వచ్చి, "అయ్యో, గిది ఆడ్తదా, కరుస్తదా?" అంది. కార్ఖానా అంతా పడీ పడీ నవ్వింది. మామ ఒక్కడే నవ్వలేదు. "సూసిండ్రా? గిదే మావోడు. అర్ధా వకీల్, అర్ధా సేఠ్. పూరా ఏం గాడు. కాలేజ్ బంద్!"

నాకంటే ముందు ఆ పేరు కుంఠా నాకా కూడలికి చేరింది. చాయ్ దుకాణంలో "అర్ధా వకీల్‌కు అర్ధా చాయ్ ఇయ్యిరా" అనేవారు. (తాగడం మాత్రం పూర్తిగానే తాగేవాణ్ణి.) పంతం పట్టి, రెండు చదువులూ వాచనాలయంలో, అంటే పేట లైబ్రరీలో, కూర్చుని నాకు నేనే చదువుకున్నాను. పట్టా ఇచ్చేవాడు లేడు, ఫెయిలు చేసేవాడూ లేడు.

మొన్న మా మనవరాలికి పుణెలో సీటు వచ్చింది. లా, ఎంబీఏ కలిపి ఒకే కోర్సు! "రెండూ ఒక్కసారేనా?" అన్నాను. "అవ్ తాతా, జాయింట్ డిగ్రీ" అంది. వెంటనే చెప్పులు వేసుకున్నాను.

"యాడికి తాతా?"

"నా కేస్ ఒకటి పెండింగ్ ఉన్నది. నడువ్."

నీలం నగర్‌లో, తొంభై దాటిన మామ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. దారంతా వల్లించిన వాదన ఆయన మోకాళ్ళ వైపు చూడగానే సగం మర్చిపోయాను. వాటి మీద కప్పుకున్నది ఆ చద్దరే. వెలిసిపోయిన నెమలి, మెడ దాటాక పులి.

"మామా, ఈ పిల్ల వకీలూ అయితున్నది, సేఠూ అయితున్నది. ఒక్కసారే. ఇప్పుడేమంటవ్?"

(ఆ క్షణంలో నేను చేతులు కట్టుకుని, ఇరవై ఏళ్ళ కుర్రాడిలా నిలబడ్డానట. మనవరాలు రోజుకోసారి అనుకరించి చూపిస్తుంది, నాకూ నవ్వొస్తుంది.)

మామ పిల్లను దగ్గరికి పిలిచి తల నిమిరాడు. చద్దరును మోకాళ్ళ మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

"డిజైన్ ఖరాబ్ గాలేదురా అల్లుడా. జెర జల్దీ వచ్చింది, గంతే."