పెనం కింద గ్యాస్ డబ్బా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరూ అడగకపోయినా మా ఆయన ఈ మాట అందరికీ చెబుతాడు. కానీ ఆ రోజు మందిర్ హసౌద్ ఊరు దాటాక ఉన్న తోటలో నాకు వచ్చింది కోపం కాదు, భయం.

రాయపూర్‌లో మా తెలుగు చర్చివాళ్ళం ఏటా జనవరిలో పిక్నిక్‌కి వెళ్తాం. రైల్వేవాళ్ళు, నర్సులు, పిల్లలు, అంతా కలిపి నలభై మంది. పొద్దుటి టిఫిను మా అత్తయ్యది. గుడివాడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెద్ద ఇనప పెనం మీద పళ్ళెమంత పెసరట్లు వేసేవారు. మామయ్య పోయాక ఆవిడ గడప దాటడమే తగ్గించేశారు. ఆ ఒక్క రోజు మాత్రం కొంగు నడుముకి దోపి, వద్దన్నవాడికి కూడా ఇంకో అట్టు వడ్డించేవారు. ఆ రోజు కోసమే ఏడాదంతా ఎదురుచూసేవారని నాకు తెలుసు.

ఆ ఏడు తోటలో కట్టెలు కాల్చకూడదన్నారు. మా ఆయన భన్‌పురిలో ఉన్న స్నేహితుణ్ణడిగి ఒక పిక్నిక్ స్టవ్వు తెచ్చాడు. చిన్న పెట్టెలా ఉంటుంది. ఒక పక్క బర్నరు, రెండో పక్క మూత కింద దోమల మందు డబ్బా అంత గ్యాస్ డబ్బా. అత్తయ్య దాని మీద తన పెనం పెట్టేశారు. పెనం సగం బర్నరు మీద, సగం డబ్బా మూత మీద. గాలికి మంట ఆరిపోతోందని మా ఆయన చుట్టూ ఇటుకలు కూడా పేర్చాడు. ఎంత తెలివో!

నేను ప్లేట్లు సర్ది వచ్చేసరికి నాలుగు అట్లయ్యాయి. అనుమానమొచ్చి మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. వెంటనే స్టవ్వు కట్టేసి ఇటుకలు తన్నేశాను. పెద్ద పెనం బొమ్మ వేసి, దాని మీద ఎర్రగా కొట్టేసిన గుర్తు ఆ మూత మీదే ఉంది. ఒక్కరూ చూడలేదు.

ఇంకాసేపేగా, కానియ్యమన్నాడు మా ఆయన. ఎవరో నవ్వారు కూడా. పెనం దింపితేగానీ స్టవ్వు వెలగదని చెప్పి, నేను దాని ముందే నిలబడ్డాను. అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నలుగురికీ పెట్టుకునేది ఈ ఒక్క రోజే. అది కూడా లేకుండా చేశావు" అన్నారు.

నేను కాలినవాళ్ళ వార్డులో నర్సుని. ఇలాంటి డబ్బాలు పేలి వచ్చినవాళ్ళ మొహాలు నా చేతులతో కడిగాను. మెల్లగానే చెప్పాను.

"రేపు మీ మొహానికి కట్టు కట్టాల్సింది నేనే అత్తయ్యా. నా వల్ల కాదు."

ఆవిడ వెళ్ళి దూరంగా చాప మీద కూర్చున్నారు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. డబ్బా పూర్తిగా చల్లారేదాకా ఆగి, కారు వెనక గాలి తగలని చోట స్టవ్వు పెట్టాను. చర్చి పాటల బృందంలో ఒకావిడ ఆమ్లెట్ల కోసం తెచ్చుకున్న చిన్న పెనం అడిగి తీసుకున్నాను. అది బర్నరు దాటి బయటికి రాదు. అరచేయంత అట్లు మొదలుపెట్టాను. మొదటిది చిరిగింది. రెండోది మాడింది. మూడోదాన్ని పిల్లలు ఛత్తీస్‌గఢ్ మ్యాప్ అన్నారు. నలభై మందికీ పెట్టి తీరతాను, సాయంత్రమైనా సరే అని పళ్ళు బిగించి వేస్తూనే ఉన్నాను.

పదో అట్టు దగ్గర నా చేతిలో గరిటె ఎవరో లాక్కున్నారు. అత్తయ్య. నా మొహం కూడా చూడలేదు. గరిటె పిండిలో ముంచారు, ఆగారు. ఎడమచెయ్యి చాపి డబ్బా మూత మీద పెట్టి చూసుకున్నారు. చల్లగానే ఉన్నట్టుంది. అప్పుడు పిండి పోశారు.

మొదటి అట్టు నా ప్లేటులో వేశారు.